వెనక నడిచే గడియారం

“పన్నెండు దాటింది. డబ్బు రాలేదు!” అంది నోలీన్, ఫోన్ క్లెమ్ మొహం ముందు పెట్టి. “ఇంకా వేళ కాలేదంటోంది. ఏంటి పెద్దాయనా, నాతో ఆటలా?”

క్లెమ్‌ది హామిల్టన్ దగ్గర గొర్రెల ఫారం. టిల్లీ అనే ఈ మందకాపరి కుక్కని కొనడానికి నోలీన్ చెప్పిన ఈ ఇంటికి వచ్చాడు. నిన్న ఫోన్‌లో బేరం కుదరగానే, బిట్‌కాయిన్ చెల్లింపు మీద సంతకం చేసి నోలీన్‌కి పంపేశాడు. కాకపోతే ఈ ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాటాకే చెల్లేలా తాళం వేశాడు. ఈలోగా కుక్క నచ్చకపోతే రద్దు చేసుకోవచ్చని. ఇందాకే గొర్రెల మీదకి తోలి చూశాడు. నచ్చింది.

“ఆటలేం లేవమ్మాయ్. నీ గడియారం వేరు, బిట్‌కాయిన్ లెక్క వేరు. ఎవడైనా టైము ముందుకు తిప్పి మోసం చేస్తాడని, సుమారు పది నిమిషాలకొకటిగా చేరే లెక్కల కట్టలుంటాయే, ఆ బ్లాకుల్లో చివరి పదకొండింటి టైముల్లో నడిమిదాన్నే నమ్ముతుంది అది. అందుకే ఓ గంట వెనక నడుస్తుంది.”

“గంటా!” నోలీన్ రోడ్డు వైపు చూసింది. ఈ గంటలో ముసలాడు చెల్లింపు రద్దు చేసేసి, కుక్కతో ఉడాయిస్తే? “మీ ఫోన్ ఇలా ఇవ్వండి.”

“బ్యాంకులో వేస్తానంటే వద్దన్నది నువ్వేగా?” గొణుగుతూనే ఇచ్చాడు.

ఇద్దరూ వరండా మెట్ల మీద కూర్చున్నారు. నోలీన్ చూపు ఫోన్ మీద నిలవదు, రోడ్డు మీద నిలవదు. దూరంగా దుమ్ము లేచింది. చివాల్న లేచి నిలబడింది.

“ఎవరది? మీవాళ్ళెవరైనా వస్తున్నారా?”

“నాకెవరున్నారు? ఎవరిదో ట్రాక్టరు. కూర్చో. కాస్త టీ అయినా పొయ్యవా?”

“పాలు లేవు.”

“లేకుండానే తాగుతాలే.”

“నోరుమూసుకుని కూర్చోండి పెద్దాయనా!”

క్లెమ్ చిన్నబుచ్చుకుని కుక్క చెవులు నిమురుతూ ఉండిపోయాడు. ముసలాడు ఊరికే ఉన్నా ఆమెకి అనుమానమే.

చివరికి నోలీన్ ఫోన్ టింగుమంది. డబ్బు ఖాయంగా చేరింది. నోలీన్ అతని ఫోన్ అతని చేతిలో పెట్టేసి, టిల్లీని తనే ఎత్తి బండిలో పడేసింది.

“అనుమానం మనిషివే గానీ, కుక్కని మాత్రం బాగా పెంచావమ్మాయ్,” అంటూ క్లెమ్ బండి తీశాడు.

బండి మలుపు తిరిగిందో లేదో, నోలీన్ కొట్టం వెనక దాచిన తన కారు వైపు పరుగెత్తింది, ఆ ఇంటివాళ్ళు చర్చి నుంచి వచ్చేలోగా.