నాన్న కాపలా

నాన్న నా పీక పట్టుకుని గోడకేసి కొట్టాడు. "నా కూతుర్ని ఏం చేశావే?"

అన్నయ్య ఆయన చెయ్యి మెలితిప్పి నన్ను విడిపించాడు. నా పెదవి చిట్లి రక్తం కారుతోంది.

"నాన్నకున్న ఈ మతిమరుపు జబ్బుకి ఆ దిక్కుమాలిన ప్రోటీనే కదా కారణం? మీ ల్యాబులో దాన్ని పీకి పారేసే మందు కనిపెట్టరేం?" అని అరిచాడు అన్నయ్య.

"కణాల్లోంచి పీకేసి చూశాం అన్నయ్యా. కణం రెండుగా విడిపోయేటప్పుడు క్రోమోజోములు చెల్లాచెదురైపోయాయి. వాటికి కాపలా కాసేది కూడా అదే."

ఆ మాట అన్నాక నాన్న వైపు చూశాను. ఆయన పిడికిలి బిగించి మళ్ళీ నా మీదికొస్తున్నాడు. అన్నయ్య మూలనున్న చేతికర్ర అందుకుని ఎత్తాడు. నేను అడ్డం వెళ్ళాను.

"మీ అమ్మాయి క్షేమంగా ఉందండీ. ఇప్పుడే చూసొచ్చాను."

నాన్న పిడికిలి సడలింది.

"తలుపు గట్టిగా వేసుకోమని చెప్పమ్మా" అన్నాడు.