మైసయ్య గుండె దరువు

1949లో సూర్యాపేట దవాఖానకు దురద తగ్గించే కొత్త గోళీలొచ్చాయి. పూటకొకటి మింగమన్నాడు కాంపౌండరు. నడిగూడెం డప్పు మైసయ్య ఒంటిమీది దద్దుర్లు లెక్కపెట్టి, దద్దుకొకటి చొప్పున తొమ్మిదీ ఒకేసారి మింగాడు. చీకటిపడేసరికి దురద మాయం.

"గుండె గూడ కొత్త దరువేస్తున్నదే సైదమ్మా, ఇను!" అన్నాడు భార్యతో.

డప్పు ఒళ్లో పెట్టుకుని, ఒక చెయ్యి గుండెకానించి, రెండో చేత్తో అదే దరువు వాయించాడు. మూడు దెబ్బలు, ఒక ఖాళీ. సైదమ్మ నవ్వుతూ చిందేసింది.

కాసేపటికి రెండు దెబ్బలు, ఒక ఖాళీ. తర్వాత ఒకటే దెబ్బ, పొడుగాటి ఖాళీ.

"గిదేం దరువయ్యా? అడుగే పడతలేదు!"

"నేనేం జేస్తలేనే. గుండె ఎట్లేస్తే గట్లనే."

ఇంకో దెబ్బ పడింది.

సైదమ్మ కాలెత్తి, తర్వాతి దెబ్బ కోసం చూసింది. మైసయ్య కూడా నవ్వుతూనే, చెయ్యి గాలిలో ఆపి, దానికోసమే చూస్తున్నాడు.