దోమ ఎక్కడ పుట్టింది?

"మన చిన్నికి డెంగీ ఎక్కడ అంటుకుంది?" బోర్డు మీద ఇదొక్కటే రాశాను. "జవాబు నేను చెప్పను. మీరే వెతికి పట్టుకోవాలి."

మొదటి బెంచీ చిన్ని కలకత్తా ఆసుపత్రిలో ఉంది. ప్లేట్‌లెట్లు ఇంకా పడిపోతున్నాయని పొద్దునే ఫోనొచ్చింది.

నా ఏడో క్లాసు పిల్లలు సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లన్నీ మూడు రోజులు గాలించారు. టైర్లు చూశారు, కూలర్లు వంచారు, కాలువలు కెలికారు. చిన్ని వాళ్లింట్లో అయితే చుక్క నీరు నిలవలేదట. ఇక తేలదనుకున్నాను.

నాలుగో రోజు క్లాసులో అప్పలలక్ష్మి లేచింది. "ఇళ్లే ఎందుకు, దిదిమణీ? డెంగీ దోమ పగలు కుడతాది. పగలు చిన్ని ఇక్కడే కదా ఉంటాది."

ఆ పిల్ల నా బల్ల దగ్గరికొచ్చి, మనీప్లాంట్ సీసా ఎత్తి కిటికీ వెలుగులో పట్టుకుంది.

"దీన్లో ఏటున్నాయో సూడండి."

మొక్క వేళ్ల మధ్య సన్నటి దోమ పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

టీచర్స్ డేకి ఆ సీసా నాకిచ్చింది చిన్నే. నీళ్లు మారుస్తానని రెండుసార్లు అడిగింది కూడా.

"వేళ్లు కదిలిపోతాయి, ముట్టుకోకు" అన్నాను.