ఇద్దరాడే బొమ్మ

"ఈ బొమ్మ ఒక్కరు ఆడితే పనిచెయ్యదమ్మా," అంది బొమ్మల టీచరు.

అదొక చెక్క గాడి, అందులో ఒక బంతి. తక్కెడలా ఇటూ అటూ ఒరుగుతుంది. ఈ చివర ఎత్తితే బంతి అటు దొర్లుతుంది, ఆ చివర ఎత్తితే ఇటు వస్తుంది. పిల్లలకు బొమ్మలు అరువిచ్చే ఆ గదిలో దాన్ని గుడ్డసంచిలో పెట్టి ముడేస్తూ టీచరు ఇంకో మాట చెప్పింది.

"రెండో చివర కూర్చునేది పిల్లలే అయ్యుండాలి. పెద్దవాళ్ళు కూర్చోకూడదు."

"కూర్చుంటే ఏమవుతుందండీ?" అంది ఇస్త్రీ ఆమె.

"మీవాడు చూడకముందే బంతి అందించేస్తారు. తోటిపిల్లలు అంత జాలిపడరు. అప్పుడే వాడు తలెత్తి ఎదుటి మనిషిని చూస్తాడు."

"అయితే మా వీధి కోసమే చేసినట్టుందండీ. మా వీధిలో పిల్లల్ని లెక్కపెట్టడానికి వచ్చినాయన లెక్క తప్పి, రెండేళ్ళుగా మా మలుపులోనే తిరుగుతున్నాడు. అన్నం కూడా అక్కడికే తెప్పించుకుంటున్నాడు."

టీచరు నవ్వింది. ఇస్త్రీ ఆమె కోతలు మొదలుపెడితే పంట ఇంటికి చేరేదాకా ఆగదని అందరికీ తెలుసు.

ఆమె కొడుకు ఓ మూల కూర్చుని బొమ్మబండి చక్రం తిప్పుకుంటున్నాడు. ఐదేళ్ళు నిండాయి. ఒక్క మాట రాలేదు. అమ్మా అని కూడా అనలేదు. పక్కన పిడుగు పడినా చక్రం వంకే చూస్తాడు గానీ మనుషుల వంక చూడడు.

పక్కనున్న బడిలో వాడి కోసం ఒక చోటు అట్టేపెట్టారు. వాడు తోటిపిల్లలతో వంతులేసుకుని ఆడగలడని బొమ్మల టీచరు అట్ట మీద మూడు టిక్కులు పెట్టాలి. అవి చూసి చేర్చుకుంటారు. నెలాఖరు దాటితే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

"మళ్ళీ ఏడాదికి ఇస్తారా అండీ?"

"అప్పటికి వీడి వయసు దాటిపోతుందమ్మా."

వారం తర్వాత ఆమె వచ్చింది. సంచికి వేసిన ముడి వేసినట్టే ఉంది.

"ఎవరూ రాలేదా?"

"వానండీ," అంది.

ఆ వారమంతా ఎండలు మండిపోయాయి. టీచరు సంచి మళ్ళీ ఆమె చేతికే ఇచ్చింది.

రెండో వారం మొహం చేటంత చేసుకుని వచ్చింది.

"దొరికిందండీ పక్కింటి పిల్ల. బుల్లి అంటాం. అది నవ్విందంటే నా ఇస్త్రీ పెట్టెలో ఆరిపోయిన బొగ్గులు కూడా రాజుకుంటాయి."

"వాడేం చేశాడు?"

"మొదటిరోజు దాని చెయ్యి గీరేశాడు. అది తుడుచుకుని మళ్ళీ కూర్చుంది. నాలుగోరోజు బంతి పట్టుకున్నాడండీ."

టీచరు ఒక టిక్కు పెట్టింది. "రోజూ వస్తుందా ఆ పిల్ల?"

"నేను పని నుంచి ఇంటికి రాగానే వచ్చేస్తుంది. ఒక్క క్షణం ముందు రాదు, వెనక రాదు."

"వాళ్ళమ్మ ఏమీ అనదా?"

"దానికి అమ్మ లేదండీ. చిన్నప్పుడే పోయింది."

మూడో వారం ఆమె వస్తూనే బల్ల మీద కూలబడి మోకాళ్ళు రుద్దుకుంది. రోజంతా నిలబడే పని కదా అని టీచరు మంచినీళ్ళు ఇచ్చింది.

"వంతులు తెలిశాయండీ వాడికి. తనొకసారి, బుల్లి ఒకసారి."

"ఆ పిల్ల తొందరపడి అందించేయడం లేదు కదా?"

"అబ్బే. వాడు చూసేదాకా రాయిలా కూర్చుంటుంది. లోపల ఏడుపొస్తున్నా కదలదు."

"ఏడుపెందుకు దానికి?"

"పిల్లలు కదండీ."

రెండో టిక్కు పడింది.

నాలుగో వారం ఆమె కోతలేమీ కోయలేదు. నీళ్ళు ఇస్తే తాగలేదు.

"నిన్న తలెత్తి బుల్లి కళ్ళలోకి చూశాడండీ," అంది. అంతే అంది.

టీచరు మూడో టిక్కు పెట్టి అట్ట బడికి పంపింది. ఒక్కసారి కళ్ళారా చూసి చేర్చుకుంటామని బడి నుంచి కబురొచ్చింది. నెలాఖరు రోజున పెద్ద టీచరు స్వయంగా బొమ్మల గదికి వచ్చి కూర్చుంది.

"బుల్లి ఏదమ్మా?" అంది బొమ్మల టీచరు.

"దానికి ఒంట్లో బాగోలేదండీ."

"పర్లేదులే. ఒకరితో ఆడినవాడు ఇంకొకరితో ఆడడా."

ఇస్త్రీ ఆమె లోపలికి రాలేదు. గుమ్మం దగ్గరే గోడ పట్టుకుని నిలబడింది.

బడి పాప ఒకతి వచ్చి వాడి ఎదురుగా కూర్చుంది. తన చివర ఎత్తింది. బంతి దొర్లుకుంటూ వచ్చి వాడి వేళ్ళకు తగిలి ఆగింది.

"నీ వంతు," అంది పాప.

వాడు తలెత్తలేదు.

"నీ వంతురా."

వాడి వేళ్ళు కదల్లేదు.

"వీడికి ఆట రాదు టీచర్," అంది పాప.

పెద్ద టీచరు కలానికి మూత పెట్టేసింది.

అప్పుడు వాడు లేచాడు. బొమ్మను రెండు చేతులా ఎత్తుకున్నాడు. పాపను దాటి, పెద్ద టీచరును దాటి, గుమ్మం దాకా మోసుకెళ్ళి నేల మీద దించాడు. తన చివర తను కూర్చున్నాడు. రెండో చివర ఎవరూ లేరు. ఎత్తకుండా ఆగాడు.

ఎంతసేపటికీ ఎవరూ కూర్చోకపోయేసరికి వాడు తలెత్తి, వాళ్ళమ్మ కళ్ళలోకి చూసి, పుట్టాక మొదటిసారి నోరు విప్పి, "బుల్లీ" అని పిలిచాడు.