చేతులు ఊపకూడని ఒడ్డు

హంసిక సంచి సర్దుకుంటుంటే ఎర్రమ్మ అందులో ఇంకో రెండు మరమరాల ఉండలు కుక్కింది. భీమిలి నుంచి కాకినాడ దాకా తెరచాప కట్టిన పలకల మీద నిలబడి సముద్రంలో సాగే పందెం. మనవరాలు వెళ్ళి తీరతానంది.

"ఒడ్డున చేతులూపకు మామ్మా."

"నాకు తెల్దేటే?"

ఎత్తిన చెయ్యి కనిపిస్తే చాలు, నీళ్ళలో మనిషి లేకుండా వాటంతటవే కాపలా తిరిగే మర తెప్పలు ఆపదనుకుని పరుగెత్తుకొస్తాయి. అందుకే ఈ ఊళ్ళో ఇప్పుడు ఎవరూ చేతులూపి సాగనంపరు.

హంసిక పలక అలలు దాటిందో లేదో గాలి తిరిగింది. తెరచాప నీళ్ళ మీదికి వాలిపోయింది. పిల్ల తల కనిపించలేదు. ఎర్రమ్మ ఒళ్ళు మరిచి రెండు చేతులూ ఊపేసింది. దగ్గర్లో ఉన్న తెప్ప గిర్రున తిరిగి, ఇసుక మీదికి పాక్కుంటూ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర ఆగింది.

"భయపడకండి. ఎక్కి పడుకోండి," అంది తెప్ప.

"నన్ను కాదే, దాన్ని! ఎల్లు," అంటూ ఎర్రమ్మ దాన్ని సముద్రంలోకి నెట్టబోయింది. అది కదలకపోగా ఆమె నడుముకు మెత్తటి పట్టీ చుట్టేసింది.

ఇంతలో రెండో తెప్ప హంసికను మోసుకొచ్చింది. ఉప్పునీళ్ళు ఉమ్ముతూ నవ్వింది పిల్ల.

"ఇసకలో మునిగిపోయేవేటి మామ్మా?"

"నవ్వింది చాల్లే, ఇలా రా." పట్టీలోంచే వంగి కొంగుతో మనవరాలి తల తుడిచింది ఎర్రమ్మ. "మళ్ళీ ఎల్తావా?"

"ఎల్తాను."

"ఎల్లు. ఇయ్యి ఉన్నాయి గదా."

ఈ తెప్పలు రాకముందు, రెండువేల ముప్ఫై ఒకటి కార్తీకంలో, ఇదే ఒడ్డు నుంచి వేటకు వెళ్ళిన ఆమె భర్త ఎల్లాజీ తిరిగి రాలేదు.