కాయని నారింజ

ఆఖరి కాయకి ముడి వేస్తుండగా ముక్కాలిపీట ఊగింది. జఫీరా చటుక్కున కొమ్మ పట్టుకుని నిలదొక్కుకుంది. డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో ఇదేం పనని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర జవాబు లేదు. అందుకే అడిగేవాళ్లు లేవకముందే ప్రార్థనాలయం పెరట్లోకి వచ్చింది.

కాయలు రేవు వీధిలో ఏరుకొచ్చినవి. ఆ ఊళ్లో చేదు నారింజలకి కరువు లేదు. ఏ వీధిలో చూసినా రాలిపడి కాళ్లకి తగులుతుంటాయి. కరువల్లా ఈ ఒక్క చెట్టుకే. ప్రపంచ యుద్ధం ముగిశాక, కొండపల్లెల్లో తలదాచుకున్న యూదులు తిరిగి ఊళ్లోకి దిగొచ్చారు. అలా వచ్చినవాళ్లకి మొదట పుట్టిన బిడ్డ జఫీరా. ఆ సంబరంలో వాళ్ల నాన్న నాటిన చెట్టు ఇది. కొన్నేళ్లుగా ఆకు తప్ప కాయ లేదు.

కిందికి దిగి చూసుకుంది. ఆకుపచ్చ దారం ఆకుల్లో కలిసిపోయింది, కాయలు కూడా దట్టమైన ఆకుల చాటున, కొమ్మల కిందికి వస్తేగానీ కనబడవు. చెయ్యి అందినంత మేర కట్టింది. పైకొమ్మలు ఆ మసక వెలుతురులో కనిపించనేలేదు. ఎలా ఉన్నా తను చేయగలిగింది ఇంతే.

గొడవంతా సోలార్ ప్యానెళ్లది. కిందటేడు వరదకి నేలమాళిగ నిండిపోయి, ప్రార్థన పుస్తకాలని బట్టల్లా తీగ మీద ఆరేసుకున్నారు. అప్పటినుంచీ ఇంజనీరు పిల్ల అల్లెగ్రా ఒకటే పోరు. "ఏటా చెట్లకి పండగ చేస్తాం, చలికి చమురు కాలుస్తాం. సిగ్గనిపించట్లేదా మనకి?" అని. ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ ప్యానెళ్లు పెట్టడానికి సమావేశపు గది కప్పు తప్ప వేరే చోటు లేదు, దాని మీద పొద్దస్తమానం ఈ చెట్టు నీడే.

ఆ సంగతి తేల్చడానికి అందరూ కూడినప్పుడు నోరు విప్పాడు సంఘం పెద్ద మెంతెస్. జఫీరాతో కలిసి గోళీలాడినవాడు.

"కాసే చెట్టుని కొట్టకూడదన్నది మన ధర్మం. కాయనిదాన్ని కొట్టొచ్చు. చెట్ల పండగనాడు అందరి ముందూ నేనే చూస్తాను. ఒక్క కాయ కనబడిందా, చెట్టు ఉంటుంది. లేదా, మర్నాడే రంపం."

ఆ చెట్టు సంగతి తెలిసిన అల్లెగ్రా ఫక్కున నవ్వింది. జఫీరాకి మాత్రం ఒళ్లు మండిపోయింది. రంపం అన్న మాట ఎంత తేలిగ్గా అనేశాడు! ఆ రోజు నుంచీ అతనితో మాటలు తగ్గించింది.

పొద్దెక్కేసరికి పండగకి వచ్చినవాళ్లతో పెరడు నిండిపోయింది. బాదంపప్పు, అంజీరు, ఎండు ఖర్జూరం నింపిన సంచులు మెళ్లో తగిలించుకుని పిల్లలు కేరింతలు కొడుతున్నారు. మెంతెస్ చేతికర్ర మీద ఒరుగుతూ, కుంటుతూ వచ్చాడు.

"కాలికేమైంది?" అడగకుండా ఉండలేకపోయింది జఫీరా.

"చలి. మోకాలు పట్టేసింది."

"ఆ కోటు గుండీకి నీలం దారమేమిటి? అదీ తాడంత లావున!"

"దుకాణాల ముందు పందిరిగుడ్డలు కుట్టేవాణ్ణి, నా దగ్గర పట్టుదారం ఉంటుందా? ఇది పెద్ద గాలివానకి కూడా తెగదు. నేను పోయినా ఈ గుండీ ఉంటుంది."

"గుండీ ఉంటుంది. చెట్టే ఉండదు."

మెంతెస్ సీసా అడుగంత మందం కళ్లద్దాలు తుడుచుకుని చెట్టు దగ్గరికి నడిచాడు.

"తాతయ్యా, నేను ఎక్కి చూడనా?" అంది అల్లెగ్రా.

"నువ్వెందుకమ్మాయ్? నేనే చూస్తానన్నానుగా. ఎవరూ చెయ్యి వెయ్యద్దు."

తల పూర్తిగా వెనక్కి వాల్చి చెట్టు చివర వైపు చూశాడు. తర్వాత చూపు మెల్లగా కిందికి దింపాడు. కింది కొమ్మల దగ్గర అతని నోరు తెరుచుకుంది.

"ఇన్నా...!" అని ఆగి, దగ్గాడు.

జఫీరా ఒక అడుగు ముందుకు వేసింది.

"ఉన్నాయి," అన్నాడు మెంతెస్ గొంతు సవరించుకుని. "చెట్టు కాసింది. కొట్టడానికి వీల్లేదు."

"పోయిన వారం ఒక్కటీ లేదు తాతయ్యా!"

"పోయిన వారం నువ్వు ఫోన్లో మొహం పెట్టుకుని తిరిగావు. మొహం చిన్నబుచ్చుకోకు. గోడ అవతల నా దుకాణం కప్పు నిండా ఎండే. ఆ ప్యానెళ్లేవో అక్కడ పెట్టించి, ఇటు తీగ లాగించు."

"నిజంగానా?" అల్లెగ్రా అతని మెడ చుట్టేసి రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది. అందరూ చప్పట్లు కొడుతూ భోజనాలకి లోపలికి నడిచారు.

ముసలాడికి చూపు మందగించింది కాబట్టి బతికిపోయాననుకుంది జఫీరా. అయినా మనసు తేలిక పడలేదు. నాన్న చెట్టుని అబద్ధంతో కాపాడుకోవలసి వచ్చింది. పిల్లలు కోసి దారం చూస్తే, ఆ కాపాడుకోవడం కూడా మిగలదు. పెరడు ఖాళీ కాగానే కత్తెర తీసి ఒక్కొక్క కాయా తెంపి ఒళ్లో వేసుకుంది. ఒక్క ఆకుపచ్చ పోగు కూడా వదల్లేదు.

నడుం నొప్పెట్టి తల పైకెత్తింది. నడినెత్తిన, చివరికొమ్మకి, ఎండలో మెరుస్తూ ఇంకో నారింజ!

అంత ఎత్తు తనకి అందనే అందదు. కళ్లు మూసి తెరిచింది. అక్కడే ఉంది.

"నాన్నా!" అంది పైకే. ఒళ్లోని కాయలన్నీ నేల మీద దొర్లిపోయాయి. చెట్టు కాసింది. ఎవరూ అడక్కుండా, ఎవరూ కట్టకుండా, తనంతట తనే కాసింది. జఫీరాయే అనవసరంగా దొంగపని చేసింది. కన్నీళ్లు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

మెంతెస్ మర్చిపోయిన చేతికర్ర మొదలుకి ఆనించి ఉంది. ముక్కాలిపీట ఎక్కి, కర్ర వంపుతో కొమ్మని మెల్లగా కిందికి వంచి, ఆ కాయని చేతిలోకి తీసుకుంది.

తొడిమకి లావుపాటి నీలం దారం చుట్టి ఉంది.