అన్న మరిచిపోయిన గొడవ

"కొడవలి, కుండ, గుర్రం. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. కాసేపాగి అడుగుతాను" అంది డాక్టర్ ప్రేమజ్యోతి.

మారెన్న తలూపాడు. డెబ్బై రెండేళ్ల మనిషి. వేళ్ల కణుపులు గోలీల్లా ఉబ్బి ఉన్నాయి. చొక్కా గుండీలు పెట్టుకోలేక వదిలేశాడు. పక్కనున్న తమ్ముడు అయ్యన్న ఆ మూడు మాటలూ తనే లోలోపల వల్లె వేస్తున్నాడు.

"ఇది ఏ నెల పెద్దాయనా?"

"మామిడికాయలు కోసే నెలమ్మా."

"ఏ సంవత్సరం?"

మారెన్న తమ్ముడి వైపు చూశాడు.

"పోనీ, ఇందాక నేను చెప్పిన మాటలు?"

"కొడవలి..." అని ఆగిపోయాడు. "ఇంగేమో ఉండాదమ్మా. జారిపాయ."

బనగానపల్లె నుంచి కర్నూలుకు అన్నను తీసుకొచ్చింది అయ్యన్నే.

"రెండేండ్లుగా ఇంతేనమ్మా. సంతకు పోయి ఇంటిదోవ మరిచిపోయినాడు. మా వదిన చనిపోయి ఆరేండ్లాయ. ఆమె అన్నం తినిందా అని అడుగుతాండాడు."

"కీళ్లవాపు ఎన్నాళ్ల నుంచి?"

"పదేండ్లుంటాది. చిగుళ్లు గూడా చీము కారతాయి."

డాక్టరు మారెన్న రక్తపరీక్ష కాగితం రెండుసార్లు చూసింది.

"ఒంట్లో వాపు ఏళ్ల తరబడి తగ్గకపోతే అది కీళ్లతోనే ఆగకపోవచ్చు. మెదడుకూ చెరుపు చేస్తుందేమోనని ఇప్పుడు పరిశోధనలు జరుగుతున్నాయి. వాపు తగ్గితే మతిమరుపు తగ్గుతుందని మాటివ్వలేను. కానీ కీళ్లకూ చిగుళ్లకూ వైద్యం ఎట్లాగూ కావాలి. చేసి చూద్దాం."

నర్సు మారెన్నను పళ్ల డాక్టరు దగ్గరికి నడిపించుకుపోయింది. అయ్యన్న మాత్రం కదల్లేదు.

"మందులు పనిచేస్తే పాతయన్నీ గుర్తొస్తాయా అమ్మా?"

"కొన్ని రావచ్చు. ఎందుకలా అడుగుతున్నారు?"

అతను తువ్వాలు చేతుల్లో నలిపాడు.

"మా నాయన నాటిన మామిడిచెట్టును బోరుకు అడ్డమని అన్నతో చెప్పకుండా కొట్టేసినా. ఆ పొద్దు నుంచి పన్నెండేండ్లు నా మొగం చూడల్యా. నా కూతురి పెండ్లికి గూడా రాల్యా. రెండేండ్ల కిందట ఒకదినం పొద్దున్నే మా అరుగు మీదికొచ్చి కూచున్యాడు. 'కాపీ తాపవారా అయ్యన్నా' అన్యాడు, నిన్న సాయంత్రమే ఆ అరుగు మీదనుంచి లేచిపోయినోని మాదిరి. పాపం మతి తప్పింది, గొడవ మరిచిపోయినాడు అన్యారు ఇంట్లో. అప్పట్నుంచి దినామూ వస్తాండాడు."

ప్రేమజ్యోతి కలం పక్కన పెట్టింది. "అయితే మందులు వద్దంటారా?"

అయ్యన్న తలుపులోంచి చూశాడు. వరండాలో మారెన్న నర్సు చెయ్యి విడిపించుకుని, ఎటు పోవాలో తెలియక గోడను తడుముతున్నాడు.

"రాయండమ్మా. నాతో మాట్లాడకపోయినా పర్వాల్యా. ఇంటిదోవ తెలిస్తే సాలు."

నెలనెలా వచ్చారు. మూడో నెలకు వాపు తగ్గి, మారెన్న గుండీలు తనే పెట్టుకున్నాడు. నాలుగో నెలలో రెండువేల ఏడు అని సంవత్సరం సరిగ్గా చెప్పాడు. డాక్టరు సంతోషపడినప్పుడల్లా అయ్యన్న కూడా నవ్వేవాడు. తిరుగు బస్సులో మాత్రం అన్న మొహం వంక దొంగచూపులు చూసేవాడు. తెల్లవారగానే అరుగు మీద కూర్చుని వీధి మలుపు వైపు చూసేవాడు, ఈ పొద్దు వస్తాడో రాడోనని. వచ్చేవాడు.

ఆరో నెలలో ప్రేమజ్యోతి కొత్త మాటలు ఇచ్చింది. "గంప, గొడ్డలి, కోడి."

గొడ్డలి అన్నప్పుడు అయ్యన్న చప్పున అన్న మొహం వంక చూశాడు. అది చూసి ఆమె నాలుక కరుచుకుంది.

పది నిమిషాల తర్వాత అడిగితే మారెన్న తడుముకోకుండా చెప్పాడు. "గంప, గొడ్డలి, కోడి. ఇంగా అడగమ్మా."

"శానా బాగుండాదన్నా" అన్నాడు అయ్యన్న. మందుల చీటీ తీసుకుని బయటికి పోయాడు.

ప్రేమజ్యోతి ఆగలేకపోయింది. "పెద్దాయనా, మీకూ మీ తమ్ముడికీ ఎప్పుడన్నా గొడవ జరిగిందా?"

మారెన్న లేచి గుమ్మం దాకా నడిచాడు. తమ్ముడు మందుల కిటికీ దగ్గర వరుసలో ఉన్నాడని చూసుకుని, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"అదొక్కటీ నేనెప్పుడూ మరిచిపోల్యా తల్లీ."